కట్ట విప్పితే ఆగదు

పోయిన సోమవారం నందిగామలో బ్యాంకుకు వెళ్లి, నా పెన్షను సొమ్ము నేనే తీసుకుంటూ, వెనక వరసలో నిలబడ్డవాళ్ల చేత నానా మాటలూ పడ్డాను. ఇంటికి సున్నాలు వేయించాలని కొంచెం పెద్ద మొత్తమే అడిగితే, కౌంటర్లో ఉన్న అమ్మాయి చుట్టూ కాగితపు పట్టీ వేసిన నోట్ల కట్టనొకదాన్ని నా ముందుకు తోసి, లెక్క చూసుకోండి తాతగారూ అంది. లెక్క చూసుకోవాలంటే పట్టీ తెంపాలి. ఈ రోజుల్లో అంటించే ఆ పల్చటి కాగితం పసివాడు చిటికెన వేలు పెట్టి లాగినా తెగుతుంది. నేను మాత్రం దాన్ని రెండు చేతులతో పట్టుకుని, చంటిబిడ్డను తొలిసారి ఎత్తుకున్న మగవాడిలా, తరవాత ఏం చేయాలో తెలియక అలాగే నిలబడిపోయాను. వెనక నుంచి ఎవరో, ఆయనకు నోట్లు గుర్తుపట్టడం వచ్చో రాదో కనుక్కోండి అన్నారు. ఏళ్ల తరబడి కాలేజీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పిన మనిషినని ఆ వరసలో ఎవరికీ తెలియకపోవడం నా అదృష్టం, ఆ శాస్త్రం అదృష్టం కూడా.

లెక్క చూసుకోకుండానే సంచిలో వేసుకుని బయటపడ్డాను. నా ఈడువాళ్లకు ఈ సంగతి చెబితే నవ్వరని నాకు తెలుసు, ఎందుకంటే వాళ్లలో ప్రతివాళ్లకూ డబ్బు దగ్గర ఒక తిక్క ఉంది. మా పక్కింటాయన కొత్త చెప్పులు కొని ఆరునెలలు అట్టపెట్టెలోనే ఉంచుతాడు, అరిగిపోతాయని. నాతోపాటు పనిచేసిన ఒకావిడ ఖరీదైన సబ్బును బీరువాలో చీరల మధ్య పెట్టి, చవక సబ్బుతో స్నానం చేసేది. వీటికి లెక్కల్లో అర్థం ఉండదు. ఏదో ఒక ఇంట్లో, ఏదో ఒక కరువులో పుట్టి, కరువు పోయినా పోకుండా మనలోనే కాపురం పెట్టేసిన అలవాట్లవి. నా తిక్క మా నాన్న నుంచి వచ్చింది. అది వచ్చిన దారి చెప్పాలంటే మూడెకరాల వరిపొలం సంగతి చెప్పాలి. మాది కాబోయి, కాకుండా పోయిన పొలం.

మాది జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్లే దారిలో పక్కకు తిరిగితే వచ్చే ఊరు. ఎనిమిదెకరాల రాతి చేను ఉండేది. రాతి చేను అంటే అక్కడక్కడా రాళ్లున్న చేను అనుకుంటారేమో. అక్కడక్కడా మట్టి ఉన్న బండ అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. జొన్న, కంది, వాన కనికరిస్తే కాస్త మిరప. ఆ బండ మీద సంసారం ఈదిన మా నాన్నకు పొదుపు ఒక గుణం కాదు, ఊపిరి. పేటకు బస్సు ఉన్నా నడిచే వెళ్లేవాడు. బస్సు వెళ్లేది కూడా పేటకే కదా, దానికి వేరే డబ్బులెందుకు అనేవాడు. అగ్గిపుల్లను బ్లేడుతో నిలువునా చీల్చి రెండు చేసేవాడు. పేటలో కాఫీ హోటలు ముందు కాసేపు ఆగి, వాసన చూసి, బాగా కాస్తున్నాడని మెచ్చుకుని ముందుకు సాగేవాడు. ఆ హోటలు యజమాని ఆయన్ను తన ఖాతాదారుల్లో లెక్కపెట్టాడో లేదో నాకు తెలియదు.

డబ్బు గురించి ఆయనకున్న సిద్ధాంతం ఒక్కటే: కట్ట విప్పితే ఆగదు. ఏటా కందులో మిరపకాయలో అమ్మగానే వచ్చిన నోట్లను పురికొసతో కట్టి కందుల బాన అడుగున పెట్టేవాడు. మళ్లీ విత్తనాల వేళ దాకా ఆ ముడి విప్పేది లేదు. నాకు జ్వరం వచ్చినా కషాయమే, పండగ వచ్చినా పాత చొక్కాయే. ఆ మధ్యకాలమంతా మేము గేదె పాల మీదా, మా అమ్మ ఓర్పు మీదా బతికేవాళ్లం. తొలకరి పడ్డాక కట్టను విప్పకుండానే పేటకు తీసుకెళ్లి విత్తనాల కొట్లో బల్ల మీద పెట్టి, దీనికి ఎన్నొస్తే అన్ని ఇవ్వమనేవాడు. అంతేగాని ఇన్ని కావాలని అడిగి, మిగిలింది వెనక్కి తెచ్చుకోవడం ఆయన ఎరగడు. చెల్లాచెదురైన డబ్బు ఇల్లు చేరదని ఆయన నమ్మకం. ఈ పద్ధతిలో పెద్ద తప్పేమీ కనపడేది కాదు, ఎందుకంటే మాకు ఏనాడూ ఒక కట్టకు మించి ఉండేది కాదు. అప్పు లేని ఇల్లు అని ఊళ్లో మాకు పేరు. ఆ పద్ధతి బీదరికం కొలతలు తీసి కుట్టిన చొక్కా, ఆయనకు సరిగ్గా సరిపోయింది.

డెబ్భైల చివరి రోజుల్లో మా అదృష్టం తిరిగింది, ఎటు తిరిగిందన్నది వేరే సంగతి. మా తాతముత్తాతలు తిట్టుకుంటూ నాగలి విరగ్గొట్టుకున్న ఆ రాయే కావాలంటూ సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు వచ్చారు. ధర న్యాయంగానే ఇచ్చారు, వాళ్లననడానికేమీ లేదు. ఎనిమిదెకరాలకూ ఎనిమిది కట్టలు వచ్చాయి. అన్నీ యాభై రూపాయల నోట్లు, ఒక్కో కట్టకూ అంచున బ్యాంకువాళ్లు గుచ్చిన లావుపాటి ఇనప పిన్ను. మా నాన్న వాటిని తువ్వాల్లో మూటగట్టుకుని, పేట నుంచి నడిచే వచ్చాడు.

అప్పటికి నేను నందిగామలో మా మామయ్య ఇంట్లో ఉండి బి.ఏ. చదువుతున్నాను. మామయ్య మా అమ్మకు తమ్ముడు, కోర్టులో ఒక వకీలు దగ్గర గుమాస్తా. డబ్బు బ్యాంకులో వేయమని నాన్నకు చెప్పింది ఆయనే. నాన్న వెళ్లాడు కూడా. రేపు నేనడిగితే నా కట్టలే నాకిస్తారా అని అడిగితే, మేనేజరు నిజాయితీగా, అవే కట్టలు ఇవ్వమండీ, అంతే డబ్బు వేరే నోట్లలో ఇస్తాం అన్నాడట. నాన్న నమస్కారం పెట్టి ఇంటికి వచ్చేసి, కందుల బాన మూత తీశాడు. ఆయన దృష్టిలో బ్యాంకంటే ఊరందరి కట్టలూ విప్పి కలిపేసే చోటు.

మా అమ్మ కోరిక ఒక్కటే. ఆవిడ పుట్టింది దిగువన, కాలవల కింద, వరిచేల మధ్య. పెళ్లయి ఈ మెట్టకు వచ్చిన నాటి నుంచీ జొన్నన్నమే వండి, జొన్నన్నమే తిని, ఏ పండక్కో పబ్బానికో వరన్నం వండినప్పుడు గంజి కూడా పారబోయకుండా తాగిన మనిషి. ఏనాడూ నోరు తెరిచి ఏదీ అడగలేదు. ఆ ఎనిమిది కట్టలూ బానలోకి దిగిన రోజున మాత్రం, ఈ డబ్బుతో సాగర్ కాలవ కింద నీళ్లున్న పొలం కొందామని నాన్నను అడిగింది. భూమి ఇచ్చి తెచ్చుకున్న డబ్బు భూమిలోకే పోవాలి, లేకపోతే మనం ఎవరమని చెప్పుకుంటాం అంది. నాన్న సరేనన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ విషయంలో ఆయన్ను శంకించడానికి ఈరోజుకీ నాకు మనసొప్పదు.

పొలం వెతికేలోపల రెండు కట్టలు పోయాయి. మొదటిది భోజనాలకు. భూమి అమ్మినవాళ్లు ఊరికి అన్నం పెట్టకపోతే ఆ డబ్బు అచ్చిరాదని మావైపు ఒక మాట ఉంది. ఊరికి పప్పన్నం పెట్టడానికి కట్టలో పావు వంతు చాలు. కానీ కట్ట విప్పేది లేదు కదా. కట్ట మొత్తం వంటవాడి చేతికిచ్చి, దీనికి సరిపడా వండమన్నాడు. వంటవాడు జీవితంలో ఒక్కసారి వచ్చే అవకాశాన్ని వదులుకోలేదు. మా ఊరివాళ్లతోపాటు చుట్టుపక్కల మూడు ఊళ్లవాళ్లూ తినగా మిగిలిన బూరెలు పశువులు కూడా తిన్నాయి. అగ్గిపుల్ల చీల్చే మనిషి ఆ పెళ్లిపందిరంత పందిట్లో మధ్యన నిలబడి, ఇంకా వడ్డించండి, ఇంకా వడ్డించండి అంటుంటే చూసి, మా లెక్చరరు చెప్పిన, ప్రతి పైసాకూ లాభనష్టాలు చూసుకునే హేతుబద్ధ మానవుడు ఎక్కడుంటాడో గాని మా ఊరికి బస్సు దొరక్క రాలేదనుకున్నాను.

రెండోది బాబాయికి. సిమెంటు ఎత్తడానికి లారీలు కావాలని, ముగ్గురు కలిసి ఒక పాత లారీ కొంటున్నామని, తన వాటాకు అరకట్ట తక్కువైందని వచ్చాడు. అరకట్ట అన్న మాట మా నాన్నకు బూతులా వినపడింది. కట్ట మొత్తం ఇచ్చేశాడు. బాబాయి అంత వద్దన్నయ్యా అన్నాడు, ఒక్కసారి. రెండోసారి అనలేదు.

అప్పటికి నాకు అర్థమైంది ఇదీ: పావలా అంటే ఎంతో మా నాన్నకు తెలిసినంత బాగా మా కాలేజీలో ఎవరికీ తెలియదు. దానికి ఎంత నడక, ఎంత ఆకలి, ఎంత ఎండ అని ఆయన ఒళ్లు చెబుతుంది. కట్ట అంటే ఎంతో మాత్రం ఆయనకు తెలియదు. అది ఆయన ఒంటి మీదుగా రాలేదు. అందుకే పావలాను గుప్పిట్లోంచి వదిలేవాడు కాదు, కట్టను ఇట్టే వదిలేసేవాడు.

మిగిలినవి ఆరు. సరిగ్గా అప్పుడే మామయ్య నందిగామకు దగ్గర్లో, కాలవ కింద మూడెకరాలు చూశాడు. ముసలి రైతు, కొడుకులిద్దరూ ఉద్యోగాల్లో ఉన్నారు, అమ్మేసి వాళ్ల దగ్గరికి పోదామనుకుంటున్నాడు. ధర కుదిరింది, సరిగ్గా ఆరు కట్టలు. ఆ పొలం చూడ్డానికి మా అమ్మ వెళ్లిన రోజు నేనూ వెంట ఉన్నాను. కోత అయిపోయిన మడిలోకి దిగి, మట్టి తీసి అరచేతిలో నలిపి, ఒక్క రాయి కూడా తగల్లేదురా అంది. వచ్చే దారంతా ఆ చెయ్యి కడుక్కోలేదు.

బయానా మామయ్య ఇంటి వరండాలో. మాఘమాసం, మంచి రోజు చూసుకుని పొద్దున్నే కూర్చున్నారు. నులక మంచం మీద ఒక చివర నాన్న, ఒళ్లో సంచి, సంచిలో ఒక కట్ట. ఇంకో చివర పొలం అమ్మే పెద్దాయన. మధ్యలో తమలపాకుల పళ్లెం. మామయ్య అగ్రిమెంటు కాగితం రాసి సిద్ధంగా పెట్టాడు. నాన్న కట్ట తీసి పళ్లెం పక్కన పెట్టాడు. పెద్దాయన దాన్ని చూసి, వేడి గిన్నె దగ్గర నుంచి జరిగినట్టు కొంచెం పక్కకు జరిగాడు.

"ఇంత వద్దు బాబూ. రేపు మా పెద్దోడు సంతకం పెట్టనంటే, ఇచ్చిన బయానాకి రెట్టింపు నేనే కట్టాలి. రెండు కట్టలు నేనెక్కణ్ణుంచి తెచ్చేది? ఓ ఐదొందలు చేతిలో పెట్టు, చాలు."

"ఇస్తే కట్ట ఇస్తా. కట్ట విప్పను."

పెద్దాయన చెప్పింది మావైపు ఉన్న కట్టుబాటే. కొనేవాడు వెనక్కి పోతే బయానా పోతుంది, అమ్మేవాడు వెనక్కి పోతే రెట్టింపు ఇచ్చుకోవాలి. ఆయన భయం ధర్మమైనది. నాన్న భయం కూడా, ఆయన లెక్కలో, ధర్మమైనదే. ఇద్దరూ మంచివాళ్లు, ఇద్దరికీ బేరం ఇష్టమే, ధరలో పేచీ లేదు. ఒకాయన ఎక్కువ పుచ్చుకోనంటాడు, ఇంకొకాయన తక్కువ ఇవ్వనంటాడు. ప్రపంచంలో ఇలాంటి తగాదా ఇంకెక్కడైనా జరిగిందేమో నాకు తెలియదు. మా అత్తయ్య రెండుసార్లు కాఫీలిచ్చింది. ఎండ మెట్లు దాటి వరండాలోకి వచ్చింది.

మామయ్య ఆగలేక, ఆ ఐదొందలూ నేనిస్తాలే బావా, తరవాత చూసుకుందాం అన్నాడు. నాన్న తల అడ్డంగా ఊపాడు. బయానా ఎవరి చేతిదైతే పొలం వాళ్ల రాతలోకి పోద్దయ్యా అన్నాడు. పెద్దాయన ఇంకాసేపు చూసి, కండువా దులిపి భుజాన వేసుకుని, పోనీలే, ఇంకోరోజు చూద్దాం అంటూ లేచాడు. ఇంకోరోజు అంటే ఆయన వేరేవాళ్లతో మాట్లాడుకుంటాడని అక్కడున్న అందరికీ తెలుసు.

అప్పుడు మా అమ్మ గుమ్మం వెనక నుంచి బయటికి వచ్చింది. మగవాళ్లు కూర్చున్న చోటికి అలా రావడం నేను చూడటం అదే మొదలు. వంగి కట్ట తీసుకుంది. పళ్లెంలో ఉన్న అడకత్తెర అందుకుని, దాని ముక్కుతో ఆ ఇనప పిన్నును పట్టి లాగింది. అది ఒక్కసారిగా రాలేదు. అంచులు కొంచెం చిరిగాయి. పది నోట్లు విడదీసి పెద్దాయన చేతిలో పెట్టింది.

"తీసుకోండి బాబాయిగారూ. ఇది ఆయన చేతిదే."

పెద్దాయన నాన్న వైపు చూశాడు. నాన్న కాదనలేదు. కాగితం మీద సంతకాలు అయ్యాయి, చైత్రం వెళ్లేలోపు మిగతాది ఇచ్చి రిజిస్ట్రీ చేయించుకోవాలని. పెద్దాయన వెళ్లాక నాన్న, మిగిలిన నోట్లకేసి కాసేపు చూసి, కోపం లేకుండా, డాక్టరు రోగి తాలూకు వాళ్లకు చెప్పేటంత నెమ్మదిగా, ఒకే ఒక్క మాట అన్నాడు.

"విప్పావుగా. ఇక ఆగదు."

ఆగలేదు. లెక్క ప్రకారం భయపడాల్సిందేమీ లేదు. ఐదు కట్టలున్నాయి, ఆరోదాంట్లో బయానా పోగా మిగిలింది ఉంది, ఏదీ ముట్టుకోకుండా రెండు నెలలు ఊరుకుంటే పొలం మాది. అమ్మ ఆ మిగిలిన నోట్లను ఎర్రదారంతో నాలుగు చుట్లు చుట్టి, కొత్త కట్టలా చేసి బానలో పెట్టింది. నాన్న చూసి, బ్యాంకు కుట్టిన కట్ట వేరు, నువ్వు చుట్టిన కట్ట వేరు అన్నాడు. మర్నాడు పేటకు బస్సులో వెళ్లాడు.

చదువుకున్నవాళ్లకు ఇందులో పెద్ద విశేషం కనపడకపోవచ్చు. మా అమ్మకు మాత్రం నాన్న బస్సెక్కాడని ఎవరో చెప్పగానే చేతిలో పని వదిలేసి బాన దగ్గరికి పరిగెత్తిందట. ఆ నెలంతా ఆయన కొంటూనే ఉన్నాడు. గొడుగు కొన్నాడు, అది వానలు కురిసే కాలం కాదు. మూడు బ్యాటరీల టార్చి లైటు కొన్నాడు. ట్రాన్సిస్టరు కొన్నాడు, పెట్టుకుని వినలేదు. ఏళ్ల తరబడి వాసన చూసిన హోటల్లోకి వెళ్లి కాఫీ తాగాడు, బాగాలేదన్నాడు, మర్నాడు మళ్లీ తాగాడు. కొన్నవాటిలో ఒక్కటీ ఆయనకు సుఖమివ్వలేదు. జాతరలో తప్పిపోయిన మనిషి కనపడ్డ ప్రతి దుకాణం ముందూ ఆగినట్టు ఆగేవాడు. ఇంట్లో అమ్మ ఆ ఎర్రదారం కట్ట సన్నబడటం చేతివేళ్లతో చూసుకునేది. ఏమీ అనేది కాదు. అంటే, విప్పిందెవరు అంటాడని. ఆయన అనలేదు, ఆవిడ విన్నది.

ఒక శనివారం నేను ఇంటికి వెళ్లి సోమవారం తిరిగి వస్తుంటే నాన్న కూడా నాతో నందిగామ బస్సెక్కాడు. నాకు, తనకు, పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆసామికీ టిక్కెట్లు తీశాడు. నేను అప్పటికే క్షీణోపాంత ప్రయోజన సూత్రం మీద మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. నాన్నా, కట్ట విప్పినా విప్పకపోయినా అందులో ఉండే డబ్బు అంతే కదా అని మొదలుపెట్టాను.

"కాళ్లకి తాడున్నా కోడే, తాడు విప్పినా కోడే. సాయంత్రం దాకా వాకిట్లో ఉండేది ఏదో నువ్వు చెప్పు."

మా పాఠ్యపుస్తకంలో కోళ్ల ప్రస్తావన లేదు. తరవాత ఆయనే, కిటికీ బయటికి చూస్తూ, నాకు చెబుతున్నట్టు కాకుండా చెప్పాడు. రోజూ పొద్దున లేవగానే ఇవాళ ఏమీ కొననని ఒట్టేసుకుంటాడట. బస్సు దిగేటప్పటికి ఆ ఒట్టు సీట్లోనే ఉండిపోతుందట.

"ముప్ఫై ఏళ్లు ఊపిరి బిగబట్టాన్రా. ఒక్కసారి వదిలాక మళ్లీ బిగబట్టడం చాతకావట్లా."

ఇది హాస్యానికి అన్న మాట కాదు. ఆయన చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి, ఏదో జారిపోతున్నట్టు. మా నాన్న భయపడటం నేను చూసింది ఆ ఒక్క ప్రయాణంలోనే. చిల్లకల్లు దాటాక పక్క ఆసామి టిక్కెట్టు డబ్బులు ఇవ్వబోయాడు. నాన్న వద్దని, అతనికి పల్లీలు కూడా కొనిపెట్టాడు.

ఎర్రదారం కట్ట నెల తిరక్కుండా అయిపోయింది. అమ్మ మెడలోంచి బంగారు నాను తీసి మామయ్యకిచ్చి, అమ్మి ఆ డబ్బు నందిగామలోనే ఉంచమంది, మాట బయటికి పొక్కకుండా. దానితో పోయింది దాదాపు పూడింది. ఇక మిగిలిన ఐదు కట్టలూ కదలకుండా ఉంటే చాలు. ఆవిడ వాటి మీద కందులు ఇంకో రెండు కుంచాలు పోసింది, తీయడానికి కష్టమవ్వాలని.

ఆ వారమే నాన్న ఎడ్లబండి మీద ఆయిల్ ఇంజను తెచ్చాడు. ఆకుపచ్చ రంగుది, కొత్తది, నీళ్లు తోడేది. కొట్టువాడు చెప్పిన ధర సరిగ్గా ఒక కట్ట. అదీ ఆయన్ను లాగింది. అమ్మ దగ్గరికి వచ్చి, చాలా రోజులుగా చూడని వెలుగు మొహంలో పెట్టుకుని, చూశావా, కట్ట విప్పకుండా కొన్నా అన్నాడు. అలవాటు తిరిగి తనకు పట్టుబడిందని, జబ్బు తగ్గిందని చెప్పడానికి వచ్చాడు ఆయన.

అమ్మ, కాలవ కింద పొలానికి ఇంజనెందుకండీ అంది. కాలవ ఎండితేనో అన్నాడు. మా ఇంట్లో జరిగిన పెద్ద పోట్లాట మొత్తం ఇంతే. ఇంజను వసారాలో దింపారు. దాన్ని పెట్టడానికి మాకు అప్పటికి చేను లేదు, బావి లేదు.

ఆ తరవాత బాబాయి లారీ కొండపల్లి దగ్గర ఇరుసు విరిగి పడిపోయింది, మరమ్మతుకు ఇంకో కట్ట పోయింది, విప్పకుండానే. చైత్రం వెళ్లేనాటికి బానలో మూడు కట్టలున్నాయి. పెద్దాయన గడువు దాటాక కూడా ఇరవై రోజులు ఆగాడు. అప్పటికి వేరేవాళ్లు ఎక్కువిస్తామని ఆయన గడపలో కూర్చున్నారు. ఒకరోజు మామయ్య ఇంటికి వచ్చి, ఐదొందలూ రుమాల్లోంచి తీసి, ఆడకూతురి చేతి డబ్బు, తినబుద్ధి కావట్లేదు, మీ అక్కకిచ్చెయ్యి అన్నాడు. కట్టుబాటు ప్రకారం ఇవ్వాల్సిన పని లేదు ఆయనకు. మామయ్య కబురు చేస్తే నాన్న, మాట తప్పింది మనం, బయానా వాళ్లదే అన్నాడు. డబ్బు వెనక్కి రాలేదు. పొలం రిజిస్ట్రీ వేరేవాళ్ల పేరున జరిగిన రోజు అమ్మ జొన్నలు విసురుకుంటూ కూర్చుంది. తిరగలి చప్పుడు సాయంత్రం దాకా ఆగలేదు. మర్నాటికి సరిపడా కాదు, పదిరోజులకు సరిపడా పిండి అయింది.

మిగిలిన మూడు కట్టలూ ఎలా పోయాయో చెప్పి మిమ్మల్ని విసిగించను. పోవడానికి వాటికి పెద్ద కారణాలు కూడా అక్కర్లేకపోయింది. అవి అయిపోయాక నాన్న మామూలు మనిషయ్యాడు. ఇంజను సగం ధరకు అమ్మి, కౌలుకు చేను పట్టాడు. పేటకు మళ్లీ నడిచే వెళ్లేవాడు, అగ్గిపుల్లలు చీల్చేవాడు, హోటలు ముందు వాసన చూసేవాడు. చేతిలో ఏమీ లేకపోవడం ఆయనకు బాగా వచ్చిన విద్య, దాంట్లోకి తిరిగి వెళ్లి హాయిగా బతికి, కొన్నేళ్లకు హాయిగానే పోయాడు. ఆయన ఆ మూడెకరాల ఊసు మళ్లీ ఎత్తలేదు. అమ్మను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది, ఆవిడ జవాబైనా చెప్పేది.

ఎనభైల్లో నాకు లెక్చరరు ఉద్యోగం వచ్చింది. తొలి జీతం తెచ్చి అమ్మ చేతిలో పెట్టబోతే, ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. అక్కడ గూట్లో పెట్టు అంది. నేను నవ్వులాటనుకున్నాను. కాదు. మామయ్య ఇంటి వరండాలో ఆ పది నోట్లు లెక్కపెట్టి ఇచ్చిన తరవాత, ఎర్రదారం చుట్టిన ఆ నెలా తప్పితే, ఆవిడ డబ్బు ముట్టుకోవడమే మానేసింది. బస్సులో వెళ్తే టిక్కెట్టు ఎవరో ఒకరు తీయాలి. కూరగాయల బండి వస్తే, గూట్లో ఉన్నాయి, నువ్వే తీసుకో అని బండివాడికే చెప్పేది. పేట బజారంతా ఆవిడను మోసం చేయడానికి ఇంతకంటే మంచి వీలు ఉండదు, అయినా ఎవరూ చేయలేదు.

ఒకసారి కూర్చోబెట్టి చెప్పాను. పిన్ను తీసినందుకు పొలం పోలేదమ్మా, నువ్వు తీయకపోతే బయానాయే లేదు, బేరం ఆరోజే పోయేది, పోగొట్టింది నాన్న భయం, నీ చెయ్యి కాదు అని. నా జీవితంలో నేను చెప్పిన మంచి పాఠాల్లో అదొకటి. ఆవిడ అంతా శ్రద్ధగా విన్నది.

"ఆయన ముందే చెప్పారు కదరా, విప్పితే ఆగదని. విప్పింది నేనే కదా."

ఆవిడ పోయేదాకా ఆ చేతులు అలాగే ఖాళీగా ఉన్నాయి.

ఆ మూడెకరాలు ఇప్పుడు పొలం కాదు. కాలవ నీళ్లు వచ్చే ఏళ్లూ రాని ఏళ్లూ అయ్యాక, హైవే పెరిగాక, రాళ్లు పాతి ప్లాట్లు వేశారు. ఒక్క రాయి కూడా తగల్లేదని మా అమ్మ సంబరపడిన మట్టి అది. మా రాతి చేను ఉన్న చోట పెద్ద గొయ్యి ఉంది, దాని అడుగున వానాకాలంలో నీళ్లు నిలుస్తాయి. మా ఊరివాళ్ల దగ్గర ఇప్పుడు మా నాన్న చూసిన కట్టల కంటే ఎక్కువే ఉండవచ్చు, అయితే వాటిని ఎవరూ చూడరు. డబ్బు ఒక చోటి నుంచి ఇంకో చోటికి గాలిలో పోతుంది. నడిచి కూడబెట్టిన పావలా, కూర్చుని ఉండగా వచ్చిన లక్ష, రెండూ ఒకే బరువుతో, అసలు బరువే లేకుండా పోతాయి. విప్పడానికి ముడి లేదు, పీకడానికి పిన్ను లేదు. ఇల్లు గుల్లయ్యాక కూర్చుని చూసుకుంటే, అది ఎవరి చేతి మీదుగా పోయిందో చెప్పడానికి అసలు చెయ్యే లేదు. ఇది మంచికో చెడ్డకో తేల్చడం నా వల్ల కాదు. మా అమ్మ ఈ రోజుల్లో బతికి ఉంటే ఆ మూడెకరాలు దక్కేవని మాత్రం నేననను. పోయేవే. పోగొట్టింది తన చెయ్యేనని ఆవిడ అనుకునేది కాదు, అంతే.